గాలిపెట్టెకు చిల్లులు

ఐదు నిమిషాల్లో వస్తానన్నాడు. ఎల్డెన్ చెప్పే ఐదు నిమిషాలంటే ఎంతో పెళ్ళైన నాటి నుంచీ మిర్నాకు తెలుసు, అయినా ప్రతిసారీ నమ్ముతుంది, నమ్మి ఇదిగో ఇలా ట్రక్కులో కూర్చుని, హీటరు వేడికి మోకాళ్ళు కాలిపోతుంటే, కిటికీ వైపు భుజం కొయ్యబారిపోతుంటే, ముందు అద్దంలోంచి ఆ వరసను చూస్తూ పళ్ళు నూరుకుంటుంది. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టుకునే చెక్కగదులన్నీ ఈ వారం ఒడ్డువైపు లాగేశారు, నడిమధ్య మంచు చదును చేసి పందెం దారి వేశారు, దారి మొదట్లో ఒక పాక, పాకలో ఒక బల్ల, బల్ల ముందు వరసలో ముసలి మొహాలు. పాత మంచుబళ్ళ పందెం, మంచు మీద జారుతూ పరుగెత్తే మోటారు బళ్ళు. కుర్రాళ్ళ కొత్త బళ్ళు మధ్యాహ్నం తర్వాత. ముందు ఈ కార్బ్యురేటర్ల కాలం వాళ్ళది, బండికీ మనిషికీ కలిపి వయసు లెక్కేస్తే నూరు దాటాల్సిందే. పన్నెండింటికి బల్ల ఎత్తేస్తారు, ఆలోపు పేరిచ్చి, వీపుకు కట్టుకునే నంబరు గుడ్డ తెచ్చుకోవాలి. అంతే పని. దానికి గంట కావస్తోంది. ఆ నీలం టోపీ ఇందాక వరసలో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది, ఒక్కోసారి ఇంకా వెనక్కి పోయినట్టు కూడా కనిపిస్తోంది. ఎవడితోనో మంచు ఎంత మందం పట్టిందో మాట్లాడుతుంటాడు. ఇంట్లో ఉప్పు కావాలన్నా నోరు తెరవడు, గడ్డంతో చూపిస్తాడు, బయట మాత్రం అందరితో మర్యాదలు. ఈ మనిషికి నవంబరులో గుండెపోటు వచ్చింది. ఈ మనిషే ఇవాళ గడ్డకట్టిన సరస్సు మీద బండిని ఎంత పోతే అంత పోనిస్తానంటున్నాడు. ఆపాల్సిన పెళ్ళాం ఏం చేసింది? బండికి ఊపిరి చాలడం లేదంటే డ్రిల్లు పట్టుకుని గాలిపెట్టెకు చిల్లులు పొడిచి ఇచ్చింది.

పొడవక ఏం చేస్తుంది, అడిగాడు కదా. జనవరిలో ఒక పొద్దున, దాల్చినచెక్క రాసిన ఎండురొట్టె కాఫీలో ముంచుతూ, కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ, ఆ గాలిపెట్టె కాస్త తెరిస్తే బాగుంటుందేమో అన్నాడు. అంతే. తెరువు అనలేదు, పందేనికి వెళ్తాను అనలేదు. రొట్టె నానిపోయి సగం కాఫీలో పడిపోయింది, చెంచాతో తీసుకుని తిన్నాడు. మిర్నాకు ఒళ్ళు భగ్గుమంది. నీకేమైనా మతి ఉందా, డాక్టరు చెప్పింది చెవిన పడిందా లేదా, అని గొంతుదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. ఊఁ అంది. ఆ ఊఁ తలుచుకుంటే ఇప్పుడు తన నెత్తిన తానే మొట్టుకోవాలనిపిస్తోంది. ఎవరైనా వింటే ఆ ఊఁ అంటే ఏమనుకుంటారు, సరే అనుకుంటారు, లేకపోతే నీ ఇష్టం అనుకుంటారు, వద్దని మాత్రం అనుకోరు గదా. సరే, అడిగాడు, ఊఁ అంది, ఆ వారాంతానే షెడ్డులో పొయ్యి రాజేసి బండి బానెట్ ఎత్తి ఆ నల్లటి పెట్టె ఊడబెరికింది. దాన్ని బల్ల మీద పెట్టి పెన్సిలుతో గుండ్రాలు గీస్తుంటే కోపానికి మొన రెండుసార్లు విరిగింది. డ్రిల్లు ప్లాస్టిక్‌లోకి దిగుతుంటే కమురు వాసన, నల్లటి పేలికలు చుట్టలు చుట్టుకుంటూ ఒళ్ళో పడుతున్నాయి, ఒక్కో చిల్లూ ఎల్డెన్ బుర్రకే పొడుస్తున్నట్టు పొడిచింది. ఆయనేమో గుమ్మంలో నిలబడి చూశాడు. కాసేపు నిలబడి, మంచు ఊడుస్తానని పోయాడు. అప్పటికి ఊడవాల్సిన మంచే లేదు వాకిట్లో.

గాలిపెట్టె అంటే వట్టి ప్లాస్టిక్ డబ్బా అనుకుంటారు జనం. ఇంజను ముక్కు అది. బయటి గాలిని, గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్ల మీదికి నేరుగా రానివ్వకుండా లోపల కాసేపు తిప్పి, నిమ్మళింపజేసి, మంచుపొడిని స్పాంజి దగ్గరే ఆపేసి, అప్పుడు లోపలికి పంపుతుంది. నాన్న చెప్పేవాడు. ఇంటి వెనక షెడ్డులో ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నీ ఆస్కర్ పెల్టో దగ్గరికే వచ్చేవి, చిల్లులు పొడుచుకుని పిస్టన్లు కరగబెట్టుకున్న ప్రతివాడూ తల దించుకుని అక్కడికే వచ్చేవాడు. చిల్లులు పొడిస్తే ముందు పెరిగేది మోతే అమ్మాయ్, వేగం తర్వాత సంగతి, అనేవాడు నాన్న. ఊపిరి ఎక్కువ పీలుస్తుంది కాబట్టి దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువ పోయాలి, అంటే కార్బ్యురేటర్లలో ఉన్న ఇత్తడి జెట్లు తీసి, రంధ్రం పెద్దగా ఉన్నవి వేయాలి. అది మర్చిపోతే గాలి ఎక్కువై, పెట్రోలు పల్చనై, బండి కాసేపు రాకెట్టులా పోతుంది, ఆ తర్వాత లోపల పిస్టను మైనంలా కరుగుతుంది. మరీ పెద్ద జెట్లు వేస్తే చిక్కనైపోయి బుడబుడమంటుంది, పొగ కక్కుతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, కదలనని మొరాయిస్తుంది. పోనిచ్చి ఆపి ప్లగ్గు ఊడదీసి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగు ఉండాలి. చలి ముదిరితే గాలి చిక్కబడుతుంది, జెట్టు మళ్ళీ మార్చాలి. నాన్న థర్మామీటరు చూసేవాడు కాదు, బూటు కింద మంచు కిర్రుమనే చప్పుడు విని జెట్టు చెప్పేసేవాడు. కొడుకు లెరోయ్‌కి ఇవేవీ తలకెక్కలేదు, కూతురికి ఎక్కాయి. ఎల్డెన్ ఆ షెడ్డుకు మొదటిసారి వచ్చింది కూడా కరిగిన పిస్టనుతోనే. పల్చన చేసుకున్నావు, అంది తను. ఊఁ, అన్నాడు. అదీ వాళ్ళ ప్రేమకథ.

నిన్నటికి నిన్న మాట్లాడని మనుషులా వీళ్ళు, పుట్టినప్పటి నుంచీ అంతే. ఈ చుట్టుపక్కల అందరూ అంతే, కాకపోతే పెల్టోల ఇల్లు మరీనూ. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ వద్దు అని చెప్పరు. ఎవరి బండి వాళ్ళిష్టం, ఎవరి ప్రాణం వాళ్ళిష్టం, పెద్దవాడైన మనిషికి నువ్విది చెయ్యకు అని చెప్పడమంటే చెంపదెబ్బ కొట్టడంతో సమానం. మరి మనసులో వద్దనుంటే? దానికి అమ్మ ఒకటి చేసేది. ఏప్రిల్ వచ్చి సరస్సు మీద మంచు మెత్తబడ్డాక కూడా నాన్న చేపలకు వెళ్తానని గాలం సర్దుకుంటుంటే, అమ్మ ఏమీ అనేది కాదు, ఆయన బూట్లలోంచి తీసిన ఉన్ని తొడుగులు పొయ్యి దగ్గర ఆరబెట్టేది కాదు. పొద్దున్నే లేచి చూస్తే తడిగానే ఉండేవి. నాన్న వాటిని ఒకసారి పిండి చూసి, గాలం గోడకు తగిలించి కాఫీ ముందు కూర్చునేవాడు. అయిపోయింది, పోట్లాట మొత్తం అదే. ఒక ఏడు మాత్రం ఏం తిక్కో, ఆ తడి తొడుగులే వేసుకుని పోయాడు. కాలివేళ్ళు రెండు పోగొట్టుకుని వచ్చాడు. అమ్మ అప్పుడూ ఏమీ అనలేదు. కాఫీ పోసింది, వేడినీళ్ళు పెట్టింది, కట్టు కట్టింది. ఆ రాత్రి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది, పక్క గదిలో మిర్నాకు వినబడింది. అమ్మ మీద అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. ఒక్క మాట, ఒక్క మాట అనుంటే ఏం పోయేది నీ సొమ్ము. అనుకుంటూనే పెరిగింది. పెరిగి ఏమైంది, అచ్చం అమ్మే అయింది, కాకపోతే ఉన్ని తొడుగుల బదులు ఇత్తడి జెట్లు.

నవంబరులో, వేట రోజుల్లో పడిపోయాడు ఎల్డెన్. జింకను కొట్టి తాడు కట్టి లాక్కొస్తూ, అడవిలో, అడుగు మందం మంచులో. తను వెనకే తుపాకి మోసుకొస్తోంది కాబట్టి సరిపోయింది. కూర్చున్నాడు ముందు. కాసేపు కూర్చుంటా అన్నట్టు చెయ్యి చూపించాడు. మొహం చూస్తే పొయ్యిలో బూడిదలా ఉంది. ఆ తర్వాత ఎలా రోడ్డు మీదికి వచ్చారో, ట్రక్కు ఎలా నడిపిందో తనకే తెలియదు, ఆయన మాత్రం దారి పొడుగునా ఒకే మాట అన్నాడు, జింక అక్కడే ఉండిపోయింది అని. ప్రాణం పోతుంటే జింక. గుండె నాళంలో ఏదో జాలీ గొట్టం పెట్టారు. పట్నం డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది, ఈ శీతాకాలమంతా చలిగాలిలో బరువు పని వద్దు, పార పట్టొద్దు, తాళ్ళు లాగడం అసలొద్దు, గుండె ఒక్కసారిగా దడదడలాడే పనేదీ పెట్టుకోవద్దు, వసంతం వచ్చాక చూద్దాం. ఎల్డెన్ బుద్ధిగా తలూపాడు. ఇంటికి రెండు గంటల దారి. ఆయన కిటికీలోంచి చెట్లు చూశాడు. తను రోడ్డు చూసింది. నువ్వు ఆ బూడిద మొహంతో కూర్చున్నప్పుడు నా కాళ్ళ కింద భూమి పోయింది, తెలుసా నీకు, అని చెప్పాలనుకుంది, కొండ ఎక్కేటప్పుడు అనుకుంది, కొండ దిగేటప్పుడు అనుకుంది, పెట్రోలు బంకు దగ్గర ఆపినప్పుడు నోరు తెరిచి, పేస్టీ తింటావా, అని అడిగింది. తింటానన్నాడు. ఆ మాంసం కూరిన రొట్టెను కెచప్ వేసుకుని తిన్నాడు. ఈయన తినడం చూస్తే ఏడుపొచ్చింది, అద్దం తుడుస్తున్నట్టు నటించింది.

పాక ముందు వరస కదిలింది. నీలం టోపీ ఒక అడుగు ముందుకు వేసింది, మళ్ళీ పక్కకు తప్పుకుని వెనకవాడికి చెయ్యి చూపించింది, ముందు నువ్వు వెళ్ళు అన్నట్టు. చూశారా. ఈ మర్యాద చూసే వాళ్ళమ్మ మురిసిపోయేది. పన్నెండు అయ్యేదాకా అందర్నీ ముందుకు పంపిస్తూ కూర్చో, నాయనా, నాకు మేలే. కానీ అలా జరగదు. చివరి నిమిషంలో ఇస్తాడు పేరు, ఏ పనైనా చివరి నిమిషంలోనే. ఇచ్చి వచ్చి, హెల్మెట్ పెట్టుకుని, వెనక ట్రైలరు మీద ఉన్న బండిని దించి, దారి మొదటికి పోయి నిలబడతాడు. జెండా ఊపుతారు. అప్పుడు తెలుస్తుంది తను చేసిన పని. నిన్న సాయంత్రం ఆయన ఆవిరి స్నానానికి వెళ్ళి కూర్చున్నాక, తను షెడ్డులోకి పోయి, చిల్లులకు సరిపడే జెట్లు తీసేసి, డబ్బాలో ఉన్నవాటిలోకెల్లా పెద్దవి బిగించి వచ్చింది. అంత పెద్దవి ఆ బండి జన్మలో చూసి ఉండదు. పెట్రోలు కార్చుకుంటూ బుడబుడమంటూ పోతుంది, పోతే. పక్క దారిలో పోయే తమ్ముడు లెరోయ్ చివరికి ఎప్పుడో చేరిపోతాడు. ఎల్డెన్ ఓడిపోతాడు, మొహం ముడుచుకుంటాడు, ఇంటికొచ్చి కాఫీ తాగుతాడు. బతికుంటాడు. ఇదీ తన ఘనమైన పథకం. రాత్రంతా దాంతోనే ఊరటపడింది, చూడు ఎంత తెలివైనదాన్నో అని. మరి పొద్దున తెలిసిపోతుందేమోనని ఆయన మొహమే చూస్తూ నిలబడింది. తను తాడు లాగి స్టార్టు చేసిచ్చాక, వాకిట్లోంచి ట్రైలరు మీదికి ఆయన బండి ఎక్కించేటప్పుడు ఆ నాలుగు గజాల్లోనే అది గొంతులో కఫం అడ్డుపడ్డట్టు మూలిగింది. ఎల్డెన్ తల కొంచెం పక్కకు వంచాడు. రెండు చెవులూ ఈ బళ్ళ మోతకే సగం పోయాయి, ఏం వినబడుతుంది ఆయనకు, బతికిపోయాను అనుకుంది.

ఎండ వచ్చింది. పొద్దున బూటు కింద కిర్రుమన్న మంచు ఇప్పుడు చప్పుడు చేయడం లేదు, ఒడ్డునున్న చెట్ల కొమ్మల మీంచి ముద్దలు ముద్దలుగా జారుతోంది. వేడెక్కితే గాలి పల్చబడుతుంది. గాలి పల్చబడితే, అసలే చిక్కగా ఉన్న బండి ఇంకా చిక్కబడుతుంది. మిర్నా వేళ్ళు స్టీరింగు మీద ఆగిపోయాయి. అసలు స్టార్టే కాదేమో. ఒకవేళ అయినా జెండా దాకా వెళ్ళకుండానే ప్లగ్గులకు మసి పట్టి ఆగిపోతుంది. ఆగిపోతే ఎల్డెన్ ఏం చేస్తాడు? దిగి వచ్చేస్తాడా? ఊళ్ళోవాళ్ళంతా చూస్తుండగా, బావమరిది పక్కనే ఇకిలిస్తుండగా? తాడు లాగుతాడు. ఆ పాత బండికి బటను లేదు, స్టార్టరు తాడే. ఒకసారి లాగుతాడు, రెండుసార్లు లాగుతాడు, పెట్రోలుతో నిండిపోయిన ఇంజను తాడు లాగడమంటే బురదలోంచి దూడను లాగినట్టే, కాలు ఆనించి నడుము వంచి, ఊపిరి బిగబట్టి లాగుతూనే ఉంటాడు, ఆ మొండిఘటం ఆపడు. తాళ్ళు లాగడం అసలొద్దు అంది డాక్టరమ్మ. అదొక్కటే గట్టిగా చెప్పింది. ఓరి దేవుడా. వేగంగా పోయే బండైతే మీట నొక్కుకుని కూర్చునేవాడు, అంతే, తను చేసి పెట్టింది ఏమిటంటే ఆయన్ని మంచులో నిలబెట్టి తాడు లాగించే బండి. సరైన జెట్లు ఎక్కడున్నాయి? షెడ్డులో, కిటికీ గట్టు మీద, సీసా మూతలో. వెళ్ళి తెచ్చి బిగించేసరికి పందెమే అయిపోతుంది. ఒసే మిర్నా, నీ అంత మొద్దు ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉన్నారటే.

కిటికీ మీద టకటకమని చప్పుడు. లెరోయ్. వీపుకు అప్పుడే నంబరు కట్టేసుకున్నాడు, చేతిలో కాఫీ, మీసానికి నురగ. అద్దం దించింది, దించక తప్పదు, తమ్ముడు.

"ఏంటక్కా, బావ గాలిపెట్టెకి చిల్లులు పొడిచావంట. నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు."

నీకెవరు చెప్పార్రా అంటే, ఇంకెవరు, బావే అన్నాడు. ఇందాక వరసలో తనే చెప్పాడట, మా మిర్నా పొడిచింది అని, అదేదో ఘనకార్యమైనట్టు. చిల్లులు పొడిచినా చీల్చి చెండాడినా ఇవాళ గెలిచేది నేనే అని లెరోయ్ కాసేపు వాగాడు. పోయినేడు కూడా గెలవాల్సిందేనట, బెల్టు తెగబట్టి గానీ. ప్రతి ఏడూ ఏదో ఒకటి తెగుతుంది వాడికి. మిర్నాకు వాడి మాటలు జోరీగలా ఉన్నాయి, చూపంతా పాక మీదే ఉంది. వరసలో ఇక నలుగురైదుగురే మిగిలారు.

"అదేంటి, బావ ఇంకా పేరివ్వలేదా?" అన్నాడు లెరోయ్ అటు తిరిగి చూసి. "నాకంటే ముందున్నాడు కదా. నువ్వెళ్ళు, నాకేం తొందర్లేదు అని నన్ను ముందుకు పంపాడు. నా ముందు ఆ జాన్సన్ ముసలాణ్ణి కూడా అట్టాగే పంపాడు." కాఫీ గుక్క మింగి, గొంతు తగ్గించి, "బావ ఒంట్లో బానే ఉందా అక్కా?" అని అడిగాడు.

బానే ఉందిలే, పోయి నీ బెల్టు చూసుకో, అని అద్దం ఎత్తేసింది. పాపం వాడు అక్కడే ఒక క్షణం నిలబడి, భుజాలెగరేసి పోయాడు. బానే ఉందిలే అట. నోట్లోంచి ఇంకో మాట రాదు. తమ్ముడు గొంతు తగ్గించి అడిగాడు, బాలేదురా, ఇవాళ ఇతన్ని ఎలాగైనా ఆపరా, అని చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉంటుందా. చెప్పలేదు. పెల్టోల నాలుకలకు శాపమేదో ఉంది. అబద్ధాలు చెప్పడానికి తిరుగుతుంది, వాతావరణానికి తిరుగుతుంది, పేస్టీ తింటావా అనడానికి భేషుగ్గా తిరుగుతుంది.

సరే, ఇక దిగాలి. దిగి, మంచు మీద నడుచుకుంటూ పోయి, అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాలి. ఏమని? వెళ్ళొద్దు అని. నోట్లో ఒకసారి అనుకుని చూసింది. వెళ్ళొద్దు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఒక్కసారీ అనలేదు. మంచు కరిగిన దారిలో ట్రక్కు తీసుకుపోతుంటే అనలేదు, చెట్టు మీదికి రంపం పట్టుకుని ఎక్కుతుంటే అనలేదు, గనుల్లో పనికి మొదటిసారి పోతున్న రోజు కూడా అనలేదు, టిఫిను డబ్బా చేతికిచ్చి తలుపు వేసుకుంది. ఇప్పుడు చెప్తే మొహం ఎలా పెడతాడు. అందరి ముందూ పెళ్ళాం చెయ్యి పట్టుకుని లాక్కుపోయిందని ఈ ఊళ్ళో పదేళ్ళు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. పదేళ్ళు చెప్పుకోవడానికి ఆయన బతికుంటే చాలు. అయినా ఈ కోపమంతా దేనికో తెలియడం లేదు, జెట్ల మీదా, ఎండ మీదా, ఆ పాక మీదా, వరసలో అందరినీ ముందుకు పంపుతున్న ఆ నీలం టోపీ మీదా, చెప్పాపెట్టకుండా అడవిలో మొరాయించిన ఆ గుండె మీదా. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. చేతి తొడుగు ఏదీ? డ్యాష్‌బోర్డు మీద లేదు, సీటు కింద లేదు. ఏడ్చినట్టే ఉంది. తొడుగు లేకపోతే లేకపోయింది అనుకుని తలుపు తీసేసరికి, అవతలి వైపు తలుపు తెరుచుకుంది.

ఎల్డెన్ ఎక్కి కూర్చున్నాడు. తలుపు మెల్లగా వేసుకున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. వీపుకు నంబరు లేదు, చేతిలోనూ లేదు. ముందు అద్దంలోంచి పందెం దారి కనిపిస్తోంది. ఎవడో కుర్రాడు దారి పక్కన ఎర్రజెండాలు పాతుతున్నాడు.

"జెట్లు మార్చావు," అన్నాడు.

ఊఁ అంది.

"ఎంత పెద్దవి?"

"ఉన్నవాటిలో పెద్దవి."

తలూపాడు, అవునవును, అంతే ఉంటాయి అన్నట్టు. పొద్దున ట్రైలరు ఎక్కించేటప్పుడే తెలిసిందట. చెవులకు కాదు, కింద సీటుకు తెలిసిందట. మిర్నాకు నెత్తురు నెత్తికెక్కింది. తెలిస్తే మరి ఇంత దూరం ఎందుకొచ్చావు, గంట సేపు నన్నిక్కడ కూర్చోబెట్టి ఆ వరసలో ఏం చేస్తున్నావు, అని గొంతు పెంచింది, ట్రక్కులో తన గొంతే తనకు కొత్తగా వినబడింది.

"నువ్వేమైనా అంటావేమోనని," అన్నాడు ఎల్డెన్.

"నేనా?"

"ఆ రోజు గాలిపెట్టె సంగతి ఎత్తినప్పుడే అంటావనుకున్నా. బుద్ధుందా అంటావని, నాలుగు తిడతావని. నువ్వు ఊఁ అన్నావు. తర్వాత డ్రిల్లు తెచ్చావు." టోపీ అంచు వేళ్ళతో నలుపుతున్నాడు. "సరే, నీకు నేను వెళ్ళడం ఇష్టమే కాబోలు అనుకున్నా. లెరోయ్ ఏమో ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు, ఈసారి బావ రాలేడులే అని."

అంటే ఇతను అడిగింది వద్దనిపించుకోవడానికా. ఆ ప్లాస్టిక్ పెట్టె ఇప్పుడు ఎక్కడా దొరకదు, ఆ బండి చేయడం మానేసి పాతికేళ్ళైంది, దాన్ని జల్లెడ చేసి పెట్టింది తను, ఒక్కో చిల్లుకూ పళ్ళు నూరుతూ, ఈయన గుమ్మంలో నిలబడి చూశాడు, చూసి, లేని మంచు ఊడవడానికి పోయాడు. నువ్వు అడిగావు కాబట్టి పొడిచానయ్యా, అంది. నువ్వు పొడిచావు కాబట్టి వచ్చాను, అన్నాడు. ఇద్దరికి ఇద్దరూ. ఎవడు కలిపాడో గానీ చక్కగా కలిపాడు. నవ్వొచ్చేలా ఉంది, ఏడుపొచ్చేలా ఉంది, మధ్యలో కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

"పేరివ్వలేదు," అన్నాడు ఎల్డెన్. "వంతు వచ్చినప్పుడల్లా పక్కకు తప్పుకున్నా. బల్ల దగ్గర కలం చేతికి కూడా ఇచ్చారు ఒకసారి. రాయలేకపోయా." మొహం ఇటు తిప్పలేదు. "భయమేస్తోంది మిర్నా. ఆ అడవిలో కూర్చున్నప్పటి నుంచీ భయంగానే ఉంది. పొద్దున లేచేటప్పుడు కూడా."

అంత పొడుగు మాట ఇతని నోట ఎప్పుడూ వినలేదు. బయట పాక మీద కట్టిన మైకు గరగరమంది, పాత బళ్ళ పందేనికి పేర్లివ్వాల్సిన వాళ్ళెవరైనా మిగిలితే వెంటనే రావాలి, బల్ల తీసేస్తున్నాం, అని. మళ్ళీ ఒకసారి చెప్పింది. వరసలో ఎవరూ లేరు. పాకకూ ట్రక్కుకూ మధ్య పరుగెత్తితే చేరిపోయేంత దూరం, మంచంతా అడుగుజాడలే. ఎల్డెన్ అప్పుడు తల తిప్పి మిర్నా వైపు చూశాడు. ఏమీ అడగలేదు. అడగడు కదా. పేరివ్వలేదని చెప్పేశాడు, వెళ్ళనని చూస్తేనే తెలుస్తోంది, ఇక తను అనాల్సింది ఏమీ లేదు, ఊరుకుంటే సరిపోతుంది, ఇన్నాళ్ళూ ఊరుకున్నట్టే. ఇంటికి పోయి కాఫీ పెట్టుకోవచ్చు. అయినా అతను చూస్తూనే ఉన్నాడు.

"వెళ్ళొద్దు," అంది మిర్నా. ఆయన మోకాలి మీది టోపీ లాక్కుని, మళ్ళీ అంది. "వెళ్ళొద్దు ఎల్డెన్. ఇవాళే కాదు, ఎప్పుడూ. నువ్వు లేకుండా నాకు చాతకాదు."

"సరే," అన్నాడు ఎల్డెన్, సీటు బెల్టు పెట్టుకుంటూ.